జాబితా రాసే చేయి
(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, పూర్వ విద్యార్థుల ఎదుట చేసిన స్మారక ఉపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు లెక్కలు చెప్పారు. జవాబు సరిపోయినా మధ్యలో మెట్టు తప్పితే మార్కు వేసేవారు కాదు. మెట్టు సరిగా వేసి చివర్లో కూడిక తప్పితే మాత్రం పిలిచి కూర్చోబెట్టి దిద్దించేవారు. ఆయన పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు, కంప్యూటర్ పనిలో ఉన్నవాళ్ళ వృత్తి ధర్మం గురించి మాట్లాడాలనుకున్నాను. అందుకు అనంతపురం కంటే తగిన చోటు నాకు తోచలేదు.

ఇది సాలుకు 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేల. అది కూడా పడవలసిన రోజున పడదు. 1946లో ఏర్పడ్డ ఇంజనీరింగ్ కళాశాల ఇక్కడ ఉంది. దాని చుట్టూ పెరిగిన విద్యే ఇప్పుడు జేఎన్‌టీయూ అనంతపురంగా మన ముందుంది. ఈ నేల నుంచి రెండు రకాల మనుషులు బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఒకరు ల్యాప్‌టాప్ సంచితో ఎక్కుతారు. ఇంకొకరు వేరుశనగ ఎండిపోయాక, పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలి, పార గంపలతో ఎక్కుతారు. కదిరి, కళ్యాణదుర్గం వైపు ఊళ్ళలో ఈ రెండో బస్సు గురించి తెలియని ఇల్లు ఉండదు. మొదటి బస్సు ఎక్కినవాళ్ళు ఆఫీసులో కూర్చుని రాసే ప్రోగ్రాములే రెండో బస్సు ఎక్కినవాళ్ళ కూలి, బియ్యం, పింఛను, పంట బీమాలను నిర్ణయిస్తున్నాయి. నేను మాట్లాడబోయేది ఈ సంబంధం గురించి.

మన ఐటీ రంగంలో సామాజిక బాధ్యత అనగానే శనివారం గుర్తొస్తుంది. బడి గోడలకు రంగులు వేస్తారు, నోటు పుస్తకాలు పంచుతారు, వరదలొస్తే లారీ నింపి పంపుతారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఒక పరిమితి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు పెట్టాలని చెప్పింది. ఇవి మంచి పనులే, ఆగకూడదు. కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా చేసిన పనికి శనివారం చేసిన దానం బదులు కాదు. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం మన తెలుగు నేల మీదే ఉంది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాన్ని నెలకొల్పింది సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు. ఆ బండి వల్ల బతికి బయటపడ్డవాళ్ళు ఈ సభలోనే ఉండవచ్చు. అదే మనిషి 2009 జనవరి 7న తన కంపెనీ లెక్కల్లో వేల కోట్ల రూపాయల లేని డబ్బును ఉన్నట్టు చూపించామని ఉత్తరం రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా తేల్చింది. తీర్పు మీద అప్పీళ్ళు వెళ్ళాయి. కోర్టు సంగతి అలా ఉంచి, దర్యాప్తులో బయటపడ్డ ఒక చిన్న వివరం మీద మనం ఆగాలి. బిల్లులు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక దారి ఒకటి పెట్టారని సీబీఐ చెప్పింది. ఆ దారిన లోపలికి వెళ్ళినవాళ్ళు ఒక బిల్లును మామూలు ఉద్యోగులకు కనపడకుండా దాచగలరు. అలా ఏడు వేలకు పైగా దొంగ బిల్లులు ఆ కంప్యూటర్లలో ఉన్నాయి.

ఆ దారిని ఎవరో ఒకరు కూర్చుని రాసి ఉంటారు. రాసినవాళ్ళకు అది దేనికో తెలిసిందో లేదో నేను చెప్పలేను. ఒకవేళ తెలియకపోతే, 'ఈ బిల్లు ఎవరి కంట పడకూడదు, ఎందుకు?' అన్న ప్రశ్న వేయడం మన వృత్తిలో అలవాటుగా లేదని అర్థం. ఆ తర్వాత వేల మంది ఉద్యోగులు, వాళ్ళలో చాలామంది ఇలాంటి పల్లెల నుంచి వెళ్ళిన పిల్లలు, వచ్చే నెల జీతం ఉంటుందో లేదో తెలియక రాత్రులు గడిపారు. 108 చేసిన మేలు ఆ బిల్లులను కడగలేదు. అలాగని ఆ బిల్లుల వల్ల 108 చేసిన మేలు పోదు. రెండూ వేర్వేరు ఖాతాలు. ఒకదానిలో జమ చూపించి రెండోదానిలో అప్పు మాఫీ చేయించుకోవడం కుదరదు.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. దేశం మొత్తానికి మొదటి అడుగు ఈ కరువు నేల మీద పడింది. ఆ సంగతి మనం తరచూ గర్వంగా చెప్పుకుంటాం. అంతగా చెప్పుకోని సంగతులు మరో రెండున్నాయి.

ఒకటి, ఆంధ్రప్రదేశ్ ఈ పథకం కోసం మొదటినుంచీ కంప్యూటరును నమ్ముకుంది. గ్రామీణాభివృద్ధి శాఖ టీసీఎస్ చేత సాఫ్ట్‌వేర్ చేయించుకుంది. జాబ్ కార్డు, పని అంచనా, మస్టరు, కొలతలు, కూలి చెల్లింపు అన్నీ అందులోనే నడిచాయి. మండలం కంప్యూటరులోకి కొలతలు ఎక్కకుండా కూలి బయటికి వచ్చేది కాదు. రెండు, అదే 2006లో ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన జనవిచారణలే దానికి మూలం. చదువుకున్న కూలీల పిల్లలు కంప్యూటరులో నుంచి తీసిన మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. తర్వాత గ్రామసభలో నిలబడి పేరు పేరునా చదివారు. ఫలానా ఆమె ఇన్ని రోజులు పనికి వచ్చింది, ఇంత కూలి తీసుకుంది అని. నేను ఆ వారం పనికే పోలేదని ఆమె అక్కడే లేచి చెప్పవచ్చు. పోయాను గానీ డబ్బు రాలేదనీ చెప్పవచ్చు. చచ్చిపోయినవాళ్ళు కాలువ తవ్వినట్టు రాసిన చోట్ల ఊరు ఊరంతా సాక్ష్యం చెప్పింది. 2009లో ఈ పనికోసమే ప్రభుత్వం ఒక స్వతంత్ర సొసైటీని పెట్టింది. 2011లో కేంద్రం సామాజిక తనిఖీకి నిబంధనలు చేసినప్పుడు మన అనుభవం ముందుంది.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సాఫ్ట్‌వేర్, గ్రామసభ ఒకదానికొకటి ఆసరాగా నిలిచాయి. లెక్క కంప్యూటరులో ఉండబట్టి ఎవరైనా బయటికి తీయగలిగారు. ఊళ్ళో గట్టిగా చదవబట్టి లెక్కలోని అబద్ధం దొరికింది. సమాచార వ్యవస్థ అంటే నా మనసులో ఉన్న రూపం ఇదే. తెర మీద ఉన్నదాన్ని దాని వల్ల లాభపడేవాడూ నష్టపోయేవాడూ చదవగలగాలి, తప్పయితే అదే రోజున నోరు విప్పగలగాలి.

ఇంకో మంచి ఉదాహరణ కూడా ఈ జిల్లాలోదే. వేలిముద్ర స్మార్టు కార్డుల ద్వారా కూలి, పింఛను ఇచ్చే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో దాన్ని పరీక్షించారు. అందులో అనంతపురం ఒకటి. 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి చేతికందే ఆలస్యం తగ్గింది, దారిలో మాయమయ్యే డబ్బు తగ్గింది, కూలీల్లో అత్యధికులు పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు. కాబట్టి యంత్రమే చెడ్డదని నేను అనను. కానీ ఆ పద్ధతిలో ఒక చిన్న దయ ఉంది. కార్డు రానివాళ్ళకు, వేలిముద్ర పడనివాళ్ళకు డబ్బు ఆపలేదు. పాత పద్ధతిలో ఇచ్చే దారి తెరిచి ఉంచారు. మట్టి పని చేసి చేసి అరచేతి గీతలు అరిగిపోయిన ముసలమ్మ ఆ దారిన వెళ్ళి తన కూలి తెచ్చుకుంది. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్‌ను తప్పనిసరి చేసిన తీరును చూశారు. అక్కడ దొంగతనం కొంత తగ్గినా, ఆధార్ జత కాని నిజమైన పేదలలో కొందరికి బియ్యం ఆగిపోయాయి. రెండుచోట్లా యంత్రం ఒకలాంటిదే. తేడా అంతా ఆ దారిని తెరిచి ఉంచారా, మూసేశారా అన్న దగ్గరే ఉంది. ఆ నిర్ణయం విధానపత్రంలో ఎంత ఉంటుందో, ప్రోగ్రాములోని ఒక షరతులో కూడా అంతే ఉంటుంది.

తర్వాత తెరిచిన దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. ఉపాధి కూలిని ఆధార్ ఆధారంగానే చెల్లించాలన్న నియమం 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. జాబ్ కార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు కలవాలన్నారు. మన ఊళ్ళలో ఒకే మనిషి లక్ష్మీదేవి, లక్ష్మమ్మ, లక్ష్మీదేవమ్మ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక, మరోచోట అసలు లేదు. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించినవాళ్ళు తోచినట్టు ఎక్కించారు. తప్పనిసరి కాకముందే ఆ నియమం అమలుకు జిల్లాల మీద శాతాల ఒత్తిడి పడింది. కలవని పేర్లను కలపడానికి వారాలు పడుతుంది, తీసేయడానికి ఒక నిమిషం చాలు. 2022-23లో దేశమంతటా సుమారు 5 కోట్ల 18 లక్షల కూలీల పేర్లు తొలగించినట్టు ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య కోటిన్నరకు లోపు. ఆంధ్రప్రదేశ్ వాటా 78 లక్షలు. చనిపోయినవాళ్ళు, రెండుసార్లు ఎక్కినవాళ్ళు, దొంగ కార్డులు అందులో ఉన్నాయని ప్రభుత్వం అంది. ఉండి ఉంటాయి. కానీ తొలగించడానికి తెర మీద ఇచ్చిన కారణాల పట్టీలో 'పని చేయడానికి ఇష్టం లేదు' అనేది ఒకటి ఉంది. ఆ మాటను ఆ మనిషి తన నోటితో చెప్పిందా అని అడిగే గడి ఆ తెర మీద ఉండాలి కదా. పేరు తీసేముందు ఆ మనిషి చెప్పేది వినాలని ఉపాధి హామీ చట్టంలో చెప్పారు. ఆ షరతు సాఫ్ట్‌వేర్‌లో అడ్డుగోడగా నిలబడి ఉంటే, విననిదే ముందుకు కదలని తెర ఉండి ఉంటే, ఎన్ని పేర్లు నిలిచేవో ఆలోచించండి.

హాజరు సంగతి కూడా అంతే. 2021 మేలో తెచ్చిన ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో రోజుకు రెండుసార్లు పనిచోట కూలీల ఫోటో తీసి ఎక్కించాలన్నారు. 2023 జనవరి నుంచి దాదాపు అన్ని పనిచోట్లకూ తప్పనిసరి చేశారు. మన ఎండలకు ఎండాకాలం పని తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేసరికి ముగియాలి. కొండవాలులో కందకం తవ్వేచోట సిగ్నలు దొరకదు. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుంది, పారతో తవ్విన గుంత మాత్రం అక్కడే కళ్ళెదుట ఉంటుంది. సరే, దొంగతనమైనా ఆగిందా? ఫోటోను ఫోటో తీసి పంపుతున్నారనీ, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారనీ 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మోసం చేసేవాడు యాప్‌ను దాటే ఉపాయం వెతుక్కున్నాడు. పని చేసినావిడ దగ్గర ఏ ఉపాయమూ లేదు.

పేరు పోయిందనో కూలి రాలేదనో వెళ్ళి అడిగితే ఏం చెబుతారో మీకు తెలుసు. 'సిస్టమ్‌లో లేదు.' చెప్పేది ఫీల్డ్ అసిస్టెంటు కావచ్చు, మండలాఫీసులో ఆపరేటర్ కావచ్చు. వాళ్ళ చేతిలో ఏమీ లేదు, వాళ్ళ మీద కోపం అన్యాయం. ఆ మాట నిజానికి మనది. సిస్టమ్‌ను రాసింది మనం.

ఇది ఉపాధి పనికే పరిమితం కాదు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల వివరాలను కలిపి ఎవరు పేదలో ఎవరు కాదో లెక్క కట్టింది. ఇంట్లో కారు ఉందని యంత్రం తేలిస్తే రేషన్ కార్డు పోతుంది. కారు అదే పేరున్న మరొకరిదైనా సరే, కార్డు పోయింది మాత్రం నిజం. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. మనుషుల వివరాలను దాచడంలోనూ మనం శ్రద్ధ చూపలేదు. 2017లో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదికలో, ఆధార్ నంబర్లు బహిరంగంగా కనిపిస్తున్నాయని చూపిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి చంద్రన్న బీమాది, రెండోది ఉపాధి కూలి చెల్లింపులది. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఒకరు. కంపెనీ గానీ ప్రభుత్వం గానీ ఆయనకు అప్పగించిన పని కాదది. తనకు తెలిసిన విద్యతో ఊరి తరఫున తలుపు గడియ చూసి చెప్పారు. నా లెక్కలో శనివారం దానాల కంటే ఇది పెద్ద సేవ.

ఇదంతా పేదదేశం పాట్లని అనుకోకండి. బ్రిటన్ పోస్టాఫీసులో ఫుజిత్సు సరఫరా చేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ లేని లోటును ఉన్నట్టు చూపింది. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా పోస్టాఫీసు నడిపేవాళ్ళు దొంగలుగా శిక్షలు పొందారు. అందులో భారతీయ మూలాలున్నవాళ్ళు చాలామంది. గర్భిణిగా ఉండగా జైలుకు వెళ్ళిన ఆమె కూడా మన మూలాలున్న మనిషే. బయటినుంచి ఆ లెక్కల్లో వేలు పెట్టడం సాధ్యమేనని కంపెనీలో తెలిసినవాళ్ళు ఉన్నారు. కోర్టుల్లో మాత్రం యంత్రం తప్పు చేయదన్న నమ్మకమే చాలాకాలం గెలిచింది. ఆ శిక్షల్లో చాలావాటిని మూకుమ్మడిగా రద్దు చేస్తూ 2024లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది.

మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు వినిపిస్తోంది. 'సార్, నాకు వచ్చేది ఒక పని టికెట్. శుక్రవారంలోగా పూర్తి చేయాలి. ఎవరి కోసమో, ఎందుకో చెప్పరు. అడిగితే వచ్చే రేటింగ్‌లో కనపడుతుంది. ఇంటి మీద అప్పుంది.' ఇది నిజమైన ఇబ్బంది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే ఉపన్యాసకుల్ని నేను నమ్మను. వకీలుకు బార్ కౌన్సిల్ ఉంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది. తప్పు పని చేయనంటే వెనుక నిలబడే సంస్థ, చేస్తే పట్టా లాక్కునే సంస్థ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు రెండూ లేవు. అమెరికాలో ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం 1972 నుంచి నియమావళి రాసుకుని 2018లో దాన్ని సవరించుకుంది. కానీ మన కంపెనీ గోడలలోపల దానికి చట్టం బలం లేదు.

అయినా 'నేను చెప్పింది చేశాను' అనే మాట ఎప్పుడూ కాపాడదు. ఫోక్స్‌వ్యాగన్ కార్లు పొగ పరీక్షలో మోసం చేసేలా చేసిన సాఫ్ట్‌వేర్ వ్యవహారంలో జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది. ఒంటరిగా అడగడం కష్టమైతే కలిసి అడగవచ్చు. 2018లో గూగుల్ అమెరికా సైన్యానికి డ్రోన్ చిత్రాలను గుర్తించే పని చేస్తుంటే మూడు వేలమందికి పైగా ఉద్యోగులు సంతకాలు చేశారు. ఆ ఒప్పందాన్ని పొడిగించబోమని కంపెనీ చెప్పింది. బెంగళూరులో ఐటీ ఉద్యోగుల సంఘం 2017లో ఏర్పడింది. సంఘాలు పని గంటల కోసం, తొలగింపుల మీద పోరాడుతున్నాయి. అది అవసరం. 'ఈ తెర మీద అప్పీలు చేసుకునే దారి లేదు, ఇది మేము రాయం' అని కూడా అవి ఒకరోజు అనాలని నా కోరిక.

సమ్మె దాకా పోనవసరం లేని పనులు కూడా చాలా ఉన్నాయి. ఒక పేరును తొలగించే ప్రోగ్రాము రాస్తున్నప్పుడు, తొలగించినవారి పేరు, కారణం, తేదీ చెరగకుండా నిలిచేలా రాయవచ్చు. అందుకు మేనేజరు అనుమతి కూడా అక్కరలేదు. యంత్రం కాదన్నప్పుడు మనిషి సరే అనే దారిని డిజైన్‌లో అడగవచ్చు. ఫోను సిగ్నలు లేనిచోట ఏమవుతుందని టెస్టింగులో ఒక పరీక్ష పెట్టవచ్చు. కాదంటే, కాదన్న మాట మెయిల్‌లో నిలుస్తుంది. తర్వాత ఎవరైనా తవ్వితే దొరుకుతుంది.

ఈ జిల్లా ఎల్లనూరు మండలం బుక్కాపురంలో పుట్టిన బి.ఎన్. యుగంధర్‌ను ఇక్కడ తలచుకోవాలి. ఐఏఎస్ అధికారిగా కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ నడిపారు, తర్వాత ప్రణాళికా సంఘంలో ఉన్నారు, 2019 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయన కుమారుడు సత్య నాదెళ్ళ 2014 నుంచి మైక్రోసాఫ్ట్ సారథి. తండ్రి తరం చేతిలో ఫైలు ఉండేది. ఫైలు చివర సంతకం ఉంటుంది, పక్కన విభేదించిన అధికారి నోటు కూడా ఉంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత తీసి చూసినా ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో తెలుస్తుంది. కొడుకు తరం చేతిలో ప్రోగ్రాము ఉంది. ఎవరు ఏ వరుస మార్చారో కంపెనీ లోపల నమోదై ఉంటుంది గానీ, దాని వల్ల బియ్యం ఆగిన మనిషికి ఎప్పటికీ కనపడదు. ప్రజల డబ్బుతో, ప్రజల మీద నడిచే ప్రోగ్రాములకు ఆ సంతకం, ఆ నోటు బయటికి కనపడాలి. అడగవలసింది ఇంజనీర్లే, ఎందుకంటే అది ఎక్కడ దాగి ఉందో తెలిసింది వాళ్ళకే.

వాన విషయంలో కూడా నిర్ణయించినవాళ్ళు మనకు కనపడరు. వాతావరణ ఆధారిత పంట బీమాలో పొలం చూసి నష్టం కట్టరు. నిర్ణయించిన కేంద్రంలో పడ్డ వాన లెక్క, ముందే రాసిన సూత్రం, అంతే. మన దగ్గర ఒక మడి తడిసి పక్క మడి ఎండుతుంది. ఆ సూత్రంలో వాన ఆగిన రోజులను ఎక్కడ మొదలుపెట్టి లెక్కించాలో నిర్ణయించిన మనిషి, వేరుశనగ ఊడలు దిగే వారంలో ఒక్కసారి ఇక్కడి చేనుగట్టున నిలబడి ఉంటే, సూత్రం వేరేగా ఉండేదని నా నమ్మకం.

కాబట్టి ఈ స్మారక నిధి నిర్వాహకులకూ, ఇక్కడి కళాశాలల అధ్యాపకులకూ ఒక విన్నపం. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల్లో కొన్నింటికి ప్రభుత్వ పథకాల తెరలను ఇవ్వండి. పింఛను దరఖాస్తు, ఉపాధి హాజరు, పంట బీమా, భూమి రికార్డు, ఏదైనా సరే. విద్యార్థి ఆ తెరను తెలుగులో కాగితం మీద రాయాలి. ఏ గడి నింపకపోతే ఏమవుతుంది, ఎవరి పేరు ఎలా పోతుంది, పోతే ఎక్కడికి వెళ్ళాలి అన్నది అందులో ఉండాలి. దాన్ని పట్టుకుని ఒక పల్లెకు వెళ్ళి రచ్చకట్ట దగ్గర గట్టిగా చదవాలి. అడిగిన ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పాలి, తెలియనిది తెలుసుకుని మళ్ళీ వెళ్ళి చెప్పాలి. ఈ నిధి నుంచి బస్సు ఛార్జీలు, కాగితాల ఖర్చు ఇవ్వవచ్చు. మార్కుల్లో సగం ఆ ఊరివాళ్ళు వేయాలి.